ఎయిర్‌లైన్ ఉద్యోగుల కుటుంబాలకు విదేశీ ప్రయాణం నిజంగా అంత చవకా?

"మా తమ్ముడికి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఉద్యోగం వచ్చింది. ఇక ఇంటిల్లిపాదీ పదో వంతు ధరకే విదేశాలు తిరిగి రావచ్చంటున్నాడు, నిజమేనా?" అని అడిగారు. అదే ఎయిర్‌పోర్టులో ఒక ఎయిర్‌లైన్ చెక్-ఇన్ కౌంటర్లో పదకొండేళ్లు పనిచేశాను కాబట్టి చెప్తున్నాను. టికెట్ చవకే, అందులో అబద్ధం లేదు. ఎంత మిగులుతుందని అందరూ అడుగుతారు. సీటు దొరుకుతుందా అని మాత్రం ఇంతవరకు నన్నెవరూ అడగలేదు.

2019 మే నెలాఖర్లో మా అమ్మని, ఎనిమిదేళ్ల మా బాబుని తీసుకుని బ్యాంకాక్ వెళ్లాను. మా ఆయనకి సెలవు దొరకలేదు. మా కంపెనీకి ఒప్పందం ఉన్న వేరే ఎయిర్‌లైన్‌లో జెడ్ ఫేర్ టికెట్లు, అంటే ఒక ఎయిర్‌లైన్ ఇంకో ఎయిర్‌లైన్ స్టాఫ్‌కి తక్కువ ధరకి ఇచ్చేవి, తీసుకున్నాను. ఇవి స్టాండ్‌బై టికెట్లు, సీటు మిగిలితేనే ఎక్కనిస్తారు. ముగ్గురికీ రానూపోనూ కలిపి 21 వేలయింది. అందులో సగానికి దగ్గరగా టాక్సులే. స్టాఫ్ కదా అని మాకు టాక్సుల్లో పెద్దగా తగ్గించలేదు. బ్యాంకాక్ నుంచి బయల్దేరేవాళ్లకి టికెట్‌లోనే కలిపే ఎయిర్‌పోర్టు ఛార్జీ అప్పట్లో తలకు 700 బాత్, మాకూ అంతే. అయినా అదే వారం మామూలు ప్రయాణికులు ముగ్గురికి 60 వేల పైన పెట్టారు. చవక అన్నంతవరకు మీ తమ్ముడు చెప్పింది నిజం, కాకపోతే మాకు పడింది పదో వంతు కాదు, మూడో వంతు.

వెళ్లేటప్పుడు సీట్లు ఖాళీగానే ఉన్నాయి. స్టాండ్‌బై రిటర్న్ టికెట్ చూసి బ్యాంకాక్‌లో వీసా ఆన్ అరైవల్ కౌంటర్లో ఏమంటారోనని టెన్షన్ పడ్డాను. తేదీ చూశారు, తలకు పదివేల బాత్‌ల నగదు చూపించమన్నారు, స్టాంపు వేశారు. నాలుగు రోజులు హాయిగా తిరిగాం. అమ్మ వాట్ ఫోలో పడుకున్న బుద్ధుడి చుట్టూ రెండుసార్లు తిరిగింది.

తిరుగు ప్రయాణం శనివారం రాత్రి. పిల్లల సెలవులు అయిపోవస్తున్నాయి, హైదరాబాద్ విమానమంతా మనవాళ్లే. స్టాండ్‌బై వాళ్లని చివరిదాకా పక్కన నిలబెడతారు. కౌంటర్ మూసేశాక ఎన్ని సీట్లు మిగిలితే అన్ని పేర్లు పిలుస్తారు. ముందు వాళ్ల సొంత స్టాఫ్, ఆ తర్వాతే మాలాంటివాళ్లు. అదే కౌంటర్‌కి ఇవతలి వైపు కూర్చుని ఎంతమందికి "సారీ అండీ, ఫుల్" అని చెప్పానో నాకు గుర్తుంది. ఆ రాత్రి అటువైపు నేనున్నాను.

బ్యాంకాక్‌లోని ఆ సువర్ణభూమి ఎయిర్‌పోర్టు చెక్-ఇన్ హాల్లో పెద్ద పెద్ద యక్షుల బొమ్మలు ఉంటాయి, మొత్తం పన్నెండు. వాళ్ల రామాయణంలోని రాక్షసులు వాళ్లు. రావణుడిని తోత్సకన్ అంటారు, అంటే మన దశకంఠుడే. ఆ ఆకుపచ్చ రావణుడి కాళ్ల దగ్గర అమ్మని, బాబుని కూర్చోబెట్టి నేను కౌంటర్ దగ్గర నిలబడ్డాను. కౌంటర్ అమ్మాయి స్క్రీన్ చూసి రెండు వేళ్లు చూపించింది. రెండు సీట్లున్నాయి, మేం ముగ్గురం. "రెండు నిమిషాల్లో చెప్పాలి" అంది.

పరుగెత్తి అమ్మకి చెప్పాను. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నువ్వూ బాబూ పోండి. వాడికి ఇప్పటికే నిద్రొస్తుంది. నేను ఈ సామాను దగ్గర కూర్చుంటా, రేపు వస్తా" అంది. అరవై రెండేళ్ల మనిషి, షుగర్ ఉంది, ఈ ప్రయాణానికి ముందు ఎప్పుడూ విమానం ఎక్కలేదు, తెలుగు తప్ప ఇంకో భాష రాదు. సూర్యాపేట బస్టాండ్‌లో కూర్చుని తర్వాతి బస్సులో వస్తానన్నట్టే చెప్పింది. నాకు గొంతు పూడుకుపోయింది. వెనక్కి వెళ్లి మా ముగ్గురి పేర్లు తీసేయమన్నాను. నా వెనక నిలబడ్డ జంటకి ఆ రెండు సీట్లు వెళ్లాయి.

రెండో రాత్రి ఒక్క సీటు కూడా లేదు. డబ్బిచ్చి కొందామంటే ఆ రోజు మనిషికి 18 వేలు చెప్పారు. లాట్ క్రబాంగ్‌లో ఎయిర్‌పోర్టుకి దగ్గరగా ఉన్న చిన్న హోటల్లో రెండు రాత్రులు ఉన్నాం. ఎయిర్‌పోర్టు కింది అంతస్తులో అక్కడి సిబ్బంది కూడా తినే కూపన్ల ఫుడ్‌కోర్టు ఉంటుంది, అదే మమ్మల్ని కాపాడింది. అక్కడ తెల్లన్నం కొని, అమ్మ ఇంటి నుంచి స్టీలు డబ్బాలో తెచ్చుకున్న ఆవకాయతో తిన్నాం. అమ్మ షుగర్ మాత్రలు మాత్రం సరిగ్గా ఇంకో రెండు రోజులకే మిగిలాయి. ఎప్పుడు తలచుకున్నా నాకు భయం వేసేది ఆ మాత్రల షీటు గురించే. వారానికి వెళ్తే రెండు వారాల మందులు పెట్టుకోవాలని అప్పుడే తెలిసింది.

మూడో రోజు శంషాబాద్‌లో నా తోటి ఉద్యోగి లోడ్స్, అంటే ఏ విమానంలో ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నాయో, చూసి మెసేజ్ పెట్టాడు. "అక్కా, హైదరాబాద్ ఆశ వదిలెయ్. చెన్నై విమానంలో తొమ్మిది సీట్లు ఓపెన్ ఉన్నాయి" అని. చెన్నైకి ముగ్గురి పేర్లూ లిస్ట్ చేయించాను, బోర్డింగ్ పాసులు చేతికొచ్చాయి. ఇమ్మిగ్రేషన్ దాటి గేటుకి పరుగెడుతుంటే అమ్మ ఆగిపోయింది. ఎదురుగా క్షీరసాగర మథనం. నిలువెత్తు దేవతలు, రాక్షసులు, మధ్యలో మందరగిరి, వాసుకి, కింద తాబేలు, పైన విష్ణుమూర్తి. ఇమ్మిగ్రేషన్ దాటినవాళ్లకే కనబడుతుంది కాబట్టి రెండు రాత్రులు అదే ఎయిర్‌పోర్టుకి వచ్చినా మాకు కనిపించలేదు. నేను టైమైపోతోందని అరుస్తున్నా అమ్మ చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాకే కదిలింది.

అర్ధరాత్రి దాటాక చెన్నైలో దిగాం. మర్నాడు సాయంత్రం బస్సెక్కితే తెల్లారుతుండగా సూర్యాపేట వచ్చింది. అమ్మ హైవే మీదే దిగి ఇంటికి వెళ్లిపోయింది. హోటలు, బస్సు, తిండి, నాకు పోయిన జీతం అన్నీ కలిపితే ఇంకో 19 వేలు. బయట మామూలు టికెట్ కొనుక్కున్నవాళ్లతో పోలిస్తే మేం మిగుల్చుకున్నదాంట్లో దాదాపు సగం అలా పోయింది.

అందుకే నా లెక్క ఇది. చేతిలో కనీసం మూడు రోజుల అదనపు సెలవు, కార్డులో అందరికీ ఒకవైపు పూర్తి ధర టికెట్ డబ్బు ఉంటేనే బయల్దేరాలి. మన దక్షిణాదికి రోజుకి నాలుగైదు విమానాలున్న ఊళ్లకే వెళ్లాలి. కౌలాలంపూర్, సింగపూర్, బ్యాంకాక్, దుబాయ్ అలాంటివి. ఒక దారి మూసుకుపోతే చెన్నైకో బెంగళూరుకో ఎగిరి రావచ్చు. ఆగస్టులో అమెరికా వైపు చూడకండి, నేను పనిచేసినప్పుడు చదువులకి వెళ్లే పిల్లలతో విమానాలన్నీ నిండిపోయేవి. చెక్-ఇన్ బ్యాగు వద్దు, చేతిసంచీ చాలు.

చుట్టాల సంగతి కూడా చెప్పాలి. "మాకూ రెండు టికెట్లు ఇప్పించమ్మా" అని పెళ్లిళ్లలో అడుగుతారు. మా దగ్గర భర్త లేదా భార్య, పిల్లలు, అమ్మానాన్నల వరకే ఉండేది. కాదంటే ముఖం ముడుచుకుంటారు. ఎవరైనా ఆ టికెట్లు అమ్ముకుంటే ఉద్యోగం పోతుందని వాళ్లకి చెప్పినా నమ్మరు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. శంషాబాద్‌లో యూనిఫాం వేసుకున్న ప్రతి ఒక్కరూ ఎయిర్‌లైన్ ఉద్యోగి కాదు. బ్యాగులు ఎక్కించేవాళ్లు, వీల్‌చెయిర్ తోసేవాళ్లు, చాలా కౌంటర్లలో కూర్చునే పిల్లలు కూడా గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఏజెన్సీల మనుషులు, అంటే ఎయిర్‌లైన్ల తరఫున ఎయిర్‌పోర్టు పనులు చేసిపెట్టే వేరే కంపెనీల వాళ్లు. వాళ్లలో నాకు తెలిసిన ఎవరికీ ఈ టికెట్లు లేవు. నాతో పాటు నైట్ షిఫ్టు చేసిన ఒకతను పన్నెండేళ్లు గల్ఫ్ విమానాలకి బ్యాగులెక్కించాడు, ఒక్కసారి కూడా విమానం లోపల కూర్చోలేదు. ఖాళీ సీట్లతో విమానాలు ఎగిరిన రాత్రులు కూడా అతను ట్రాలీ తోసుకుంటూ వెనక్కి వచ్చేవాడు. ఆ సీట్లు అతనికిస్తే ఎవరి సొమ్ము పోతుంది? అది నాకు ఇప్పటికీ కడుపుమంటే. అమీర్‌పేటలో కొన్ని ఇన్‌స్టిట్యూట్లు "ఎయిర్‌పోర్టు ఉద్యోగం, ఫ్యామిలీకి ఫ్రీ ఫారిన్ ట్రిప్పులు" అని బోర్డు పెట్టి, పొలం తాకట్టు పెట్టిన తండ్రుల దగ్గర లక్షలు కట్టించుకుని పిల్లల్ని తెచ్చి పెట్టేది ఈ ఏజెన్సీల్లోనే.

కాబట్టి ముందు మీ తమ్ముడి ఆఫర్ లెటర్ తీసి చూడండి, పైన ఎయిర్‌లైన్ పేరుందా, ఏజెన్సీ పేరుందా అని. ఎయిర్‌లైన్ అయితే టికెట్ల సౌకర్యం ఎన్నాళ్ల సర్వీసు తర్వాత మొదలవుతుందో హెచ్‌ఆర్‌ని అడిగి మెయిల్లో రాయించుకోమనండి. మీ అమ్మగారికి పాస్‌పోర్టు లేకపోతే ఈలోగా దానికి అప్లై చేయించండి.