తుఫాను రాత్రి గురించి చెప్పిస్తే నాన్నగారికి ఇంకా ఎక్కువవుతుందా?

96 తుఫాను చూసిన మీ నాన్నగారు ఇప్పటికీ గాలి హోరెత్తితే లేచి కూర్చుంటున్నారని, డాక్టరేమో ఆ రాత్రి గురించి చెప్పించాలంటున్నారని, కదిపితే ఎక్కువవుతుందేమోనని కదా మీ భయం. నాకూ అదే ఉండేది. 1996 నవంబర్ 6 రాత్రి మాది ముమ్మిడివరం దగ్గర తాటాకిల్లు, నాకు పదకొండేళ్లు. కప్పు లేచిపోతే పక్క డాబా ఇంటికి పరిగెత్తాం. దారిలో నాయనమ్మ చెయ్యి జారిపోయింది. ఆవిడ మళ్లీ కనిపించలేదు.

ఆ తర్వాత అందరూ "మర్చిపోమ్మా" అనేవారే. కానీ కొబ్బరి మట్టలు గాలికి కొట్టుకుంటే నాకు అది గుర్తొచ్చేది కాదు, మళ్లీ జరిగేది. విపరీతమైన భయంలో మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం చప్పుడునీ వాసననీ గట్టిగా పట్టేస్తుందట, ఎప్పుడు, ఎక్కడ అని కలిపి కుట్టే హిప్పోక్యాంపస్ అనే భాగం మాత్రం వెనకబడిపోతుందట. అందుకే ఆ జ్ఞాపకానికి తారీఖు ఉండదు.

నాకు చేసింది ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, అంటే భయపెట్టిన జ్ఞాపకాన్ని మళ్లీ మళ్లీ చెప్పించే చికిత్స. కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి, ఆ రికార్డింగ్ ఇంట్లో రోజూ వినాలి. ఉన్న మాట చెబుతున్నాను, మొదటి మూడు వారాలు నిద్ర ఇంకా పాడైంది. చెయ్యి జారిన చోటికి రాగానే "తర్వాత తెల్లారింది" అని దాటేసేదాన్ని. చికిత్స చేసే మేడమ్ అక్కడే ఆపి, ఏ చెయ్యి, నీళ్లెంత లోతు అని అడిగేవారు. కుడి చెయ్యి. నడుం లోతు. నాయనమ్మ వెండి కడియం నా వేళ్ల మీదుగా జారడం. నేనే వదిలేశాననుకుంటూ బతికాను ఇన్నేళ్లూ, అంత నీళ్లలో పదకొండేళ్ల పిల్ల పట్టు ఎంతని అప్పుడు తట్టింది. ఆ తెల్లారి జరిగింది కూడా మెల్లగా గుర్తొచ్చింది: నూతుల్లో బురద, పడిపోయిన చెట్ల బొండాలే కొట్టుకుని అందరం తాగడం.

జ్ఞాపకం చెరిగిపోదు, పాత భయం పక్కన "అది అయిపోయింది" అనే కొత్త పాఠం చేరుతుంది. అందుకే నవంబర్‌లో నాకు ఇప్పటికీ కొంచెం తిరగబెడుతుంది. మీరు మాత్రం ఇంట్లో బలవంతంగా చెప్పించకండి, అది తర్ఫీదు ఉన్నవాళ్ల పని. నిద్రమాత్రలు సొంతంగా వేయకండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

మొదటి వారాల్లో రాత్రిళ్లు ఆయన పక్కన ఎవరో ఒకరు పడుకోండి. గాలి లేస్తే మా ఆయన లైటు వేసి, ఆ రోజు తారీఖు చెప్పేవారు.