లార్డ్ హోవ్ దీవి అడవి కోసం ఎలుకల్ని ఎందుకు చంపారు?

ఎలుకలు చెట్లను కొట్టవు గానీ గింజలనూ మొలకలనూ తినేసి కొత్త తరం రాకుండా చేస్తాయి, అందుకే ఆస్ట్రేలియాకు చెందిన ఈ దీవిలో 2019లో విషపు ఎరలతో వాటి నిర్మూలన చేపట్టారు. ఇవి 1918లో ఒడ్డెక్కిన మకాంబో ఓడ నుంచి దిగినవి. గబ్బిలాలు తప్ప స్థానిక క్షీరదాలే లేని చోట గింజను పళ్లతో కొరికే జంతువును తట్టుకునే అలవాటు మొక్కలకు లేదు.

గోవర్, లిడ్జ్‌బర్డ్ కొండల పైభాగాల్లో మాత్రమే ఉండే పొట్టి కొండ పామ్ అనే తాటి కుటుంబపు చెట్టునే చూడండి. ఎర్రగా పండిన కాయ రాలగానే ఎలుక దాన్ని కొరికేసేది. పైన ముదురు చెట్లు, కింద ఖాళీ నేల మిగిలేవి.

పచ్చగా కనబడితే అడవి క్షేమమే అనుకోవడం పొరపాటు. మొక్కలు నాటితే చాలదా అంటారు. నాటిన చెట్టు గింజలూ ఎలుక పాలే. ఎర వేయడంలోనూ ఒక్క మూల వదలకూడదు: చూలుతో ఉన్న ఒక్క ఎలుక మిగిలినా కథ మొదటికొస్తుంది.