సెటిల్‌మెంట్ చేసుకుంటే సిబిల్‌లో ఏమని రాస్తారు?

ప్రశ్న: ఒక ప్రైవేటు బ్యాంకు క్రెడిట్ కార్డు మీద నా బాకీ వడ్డీలు, పెనాల్టీలతో కలిపి రూ.1,86,000 అయింది. ఎనిమిది నెలలుగా కట్టలేకపోయాను. మూడు వాయిదాల్లో రూ.95,000 కడితే చాలు, నెల తిరిగేసరికి సిబిల్ క్లియర్ అయిపోతుందని రికవరీ ఏజెంటు అంటున్నాడు. ఇంకో బ్యాంకులో పర్సనల్ లోను ఉంది, దానికి మా బావగారు ష్యూరిటీ. దాని ఈఎంఐ తగ్గించి గడువు రెండేళ్లు పెంచుతామంటున్నారు. రెండేళ్లలో ఇల్లు కొనుక్కోవాలని ఉంది. ఇవి ఒప్పుకుంటే హౌసింగ్ లోను వస్తుందా? ఇదంతా ఎందుకు, ఐపీ (దివాలా పిటిషన్) పెట్టెయ్యమని కొందరు సలహా ఇస్తున్నారు.
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: ఏజెంటు చెప్పినదాంట్లో సగమే నిజం. రూ.95,000 కడితే బాకీ తీరుతుంది. రికార్డు మాత్రం తీరదు. ఈ రెండిటికీ చట్టాలు వేరు.

బాకీ సంగతి 1872 నాటి కాంట్రాక్టు చట్టం చూసుకుంటుంది. రావలసినదానికన్నా తక్కువ తీసుకుని మిగతాది వదులుకునే హక్కు అప్పిచ్చినవాడికి దాని 63వ సెక్షన్ ఇస్తోంది. బ్యాంకు రాతపూర్వకంగా రాజీకి ఒప్పుకుని, ఆ ఒప్పందంలోని తేదీలకు మీరు కట్టేస్తే, మిగిలిన రూ.91,000 కోసం మీ మీద దావా వేయడం కుదరదు. ఇక రికార్డు సంగతి 2005 నాటి క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల చట్టం కిందకు వస్తుంది. మన అప్పుల చరిత్రను నమోదు చేసే కంపెనీని అందరం సిబిల్ అనేస్తాం గానీ అలాంటివి నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. బ్యాంకు నాలుగింటికీ ఉన్నది ఉన్నట్టు పంపాల్సిందే. ‘మాకు రావలసింది ఇంత, వచ్చింది ఇంత’ అన్నది ఉన్న విషయమే కాబట్టి దాన్ని దాచమని మీరు అడగలేరు.

మీ రిపోర్టు తెరిచి ఆ కార్డు ఖాతా దగ్గర చూడండి. నెలకో గడి ఉంటుంది. గడువు దాటి ఎన్ని రోజులైందో అందులో 030, 060, 090 అని పడుతుంది. ఇలా గత 36 నెలల చరిత్ర కనిపిస్తుంది. ఆ పక్కనే ప్రస్తుత బకాయి, ఓవర్‌డ్యూ (గడువు దాటిన బకాయి), రైట్ ఆఫ్ మొత్తం, సెటిల్‌మెంట్ మొత్తం, ఖాతా స్టేటస్ ఉంటాయి. మీరు డబ్బు కట్టాక ప్రస్తుత బకాయి, ఓవర్‌డ్యూ సున్నా అవుతాయి. ఏజెంటు ‘క్లియర్’ అంటున్నది దీన్నే. స్టేటస్ దగ్గర మాత్రం ‘సెటిల్డ్’ అని పడుతుంది. మీది ఎనిమిది నెలల బాకీ. కార్డు బాకీలను ఆరు నెలలు దాటగానే పుస్తకాల్లో రైట్ ఆఫ్ చేసే బ్యాంకులు చాలా ఉన్నాయి. మీదీ అలా అయి ఉంటే ‘రైట్ ఆఫ్ తర్వాత సెటిల్డ్’ అని పడుతుంది. అది ఇంకాస్త చెడ్డ మాట. అన్నట్టు, రైట్ ఆఫ్ అంటే మాఫీ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది బ్యాంకు లెక్కల సర్దుబాటు, మీ అప్పు అలాగే ఉంటుంది.

ఈ ముద్ర ఎన్నాళ్లుంటుంది? ‘ఏడేళ్లకు చెరిగిపోతుంది’ అని అందరూ చెప్పుకుంటారు. నిబంధనల్లో ఉన్నది సమాచారాన్ని కనీసం ఏడేళ్లు భద్రపరచాలని. ఏడేళ్లు నిండిన మర్నాడు తీసెయ్యాలని కాదు.

మరి రెండేళ్లలో హౌసింగ్ లోను వస్తుందా అంటే, రాదని చట్టం ఎక్కడా అనలేదు. 2023 జూన్ 8న ఆర్‌బీఐ రాజీ సెటిల్‌మెంట్ల మీద ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వ్యవసాయ రుణాలు కాని వాటిలో రాజీ చేసుకున్నవారికి ఆ బ్యాంకు కనీసం 12 నెలల పాటు కొత్త అప్పు ఇవ్వకూడదు. ఆ తర్వాత ఇవ్వడం, ఇవ్వకపోవడం బ్యాంకు ఇష్టం. వేరే బ్యాంకులకు ఈ గడువు లేదు గానీ మేనేజరు స్కోరు కన్నా ముందు ఈ స్టేటస్ గడినే చూస్తాడు. 720 స్కోరు ఉండి కూడా ‘సెటిల్డ్’ అన్న ఒక్క మాటకు ఫైలు వెనక్కి రావడం మామూలే. ‘ముందు ఆ మిగతాది కట్టి క్లోజ్ చేయించుకు రండి’ అంటారు.

అందుకే రూ.95,000కు తలూపే ముందు ఇంకో బేరం పెట్టండి. ‘అసలు, మామూలు వడ్డీ కడతాను. లేటు ఫీజులు, పెనాల్టీలు, వాటి మీద జీఎస్టీ తీసేసి ఖాతాను క్లోజ్‌డ్‌గా రిపోర్టు చేయండి’ అని బ్యాంకు కలెక్షన్ విభాగానికి మెయిల్ రాయండి. ఉదాహరణకు మీ స్టేట్‌మెంట్లలో ఆ చార్జీలు రూ.50,000 తేలితే కట్టాల్సింది రూ.1,36,000 అవుతుంది. రూ.41,000 ఎక్కువైనా, ఇల్లు కొనే ఆలోచన ఉన్నవాడికి ఈ తేడా గిట్టుబాటే. ఒప్పుకుని తీరాలని లేదు. రాజీ అన్నది రుణగ్రహీత హక్కు కాదని సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో బిజ్నోర్ అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకు కేసులో తేల్చి చెప్పింది.

బ్యాంకు ఒప్పుకోకపోతే, చేతిలో అంత డబ్బు లేకపోతే, రూ.95,000కే చేసుకోండి. బాకీని వేలాడదీయడం కన్నా అది మేలు. అయితే ఒక్క రూపాయి కట్టకముందే లెటర్ తీసుకోండి. ఏజెంటు వాట్సాప్ మెసేజ్ పనికిరాదు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద, బ్యాంకు మెయిల్ ఐడీ నుంచి రావాలి. అందులో కార్డు చివరి నాలుగు అంకెలు, మొత్తం బాకీ, రాజీ మొత్తం, మూడు వాయిదాల తేదీలు, క్రెడిట్ కంపెనీలకు ఏ స్టేటస్ పంపుతారో, నో డ్యూ సర్టిఫికెట్ ఎన్ని రోజుల్లో ఇస్తారో ఉండాలి. చెక్ బౌన్స్ కేసు గానీ దావా గానీ ఉంటే దాని ఉపసంహరణ కూడా రాయించండి. కోర్టులో దావా నడుస్తుంటే రాజీ మీద కోర్టు నుంచి కన్సెంట్ డిక్రీ (ఇరుపక్షాల ఒప్పందం మీద ఇచ్చే తీర్పు) తీసుకోవాలన్నది అదే 2023 ఆదేశాల్లో ఉంది. కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయితే అక్కడిచ్చే తీర్పు (అవార్డు) కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. కానీ అక్కడ రాజీ అయిందని సిబిల్ మారదు. స్టేటస్ మాట అవార్డులోనే రాయిస్తే తర్వాత పట్టుకోవడానికి ఆధారం ఉంటుంది.

డబ్బు నేరుగా కార్డు ఖాతాకే వెయ్యండి, ఏజెంటు ఫోన్‌పే నంబరుకు వద్దు. వాయిదా తేదీ దాటనివ్వకండి. ఒక్కటి తప్పినా రాజీ రద్దయి, కట్టింది పాత బాకీలో జమ పడి, మిగతాదంతా మళ్లీ నెత్తికొస్తుంది. గడువు పొడిగించే అధికారం హైకోర్టుకు కూడా లేదని 2022లో సుప్రీంకోర్టు స్టేట్ బ్యాంకు కేసులో చెప్పింది.

ఏడాదికో రెండేళ్లకో చేతిలో డబ్బు ఆడినప్పుడు ఆ రూ.91,000 కట్టి స్టేటస్‌ను ‘క్లోజ్‌డ్’గా మార్పించుకోవచ్చు. చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి. మారుస్తామని ముందు లెటర్ ఇస్తేనే కట్టండి. అప్పటికీ పాత 090లు గడుల్లో అలాగే ఉంటాయి. కొత్త నెలలు వచ్చేకొద్దీ అవి వెనక్కి జరుగుతాయి.

కట్టిన నెలన్నరకు నాలుగు కంపెనీల రిపోర్టులూ తీయండి. ఒక్కొక్కటి ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఇంకా పాత బకాయే చూపిస్తుంటే ఆ కంపెనీ సైట్‌లో డిస్‌ప్యూట్ (అభ్యంతరం) వేసి, లెటరు, రసీదులు జత చేయండి. బ్యాంకు 21 రోజుల్లో సరిచేసిన సమాచారం పంపాలి, మొత్తం 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు రూ.100 చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 26 నుంచి ఇది అమల్లో ఉంది. అప్పటికీ కదలకపోతే ఫిర్యాదులు పరిష్కరించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు, వివరాలకు ఫోన్ 14448. స్కోరు తక్కువ వచ్చిందన్న గొడవకు మాత్రం ఈ పరిహారం వర్తించదు.

పర్సనల్ లోను దగ్గర మాఫీ ఏమీ లేదు, కాబట్టి ‘సెటిల్డ్’ పడదు. కానీ కష్టంలో ఉన్నారని గడువు పెంచడాన్ని ఆర్‌బీఐ లెక్కలో రీస్ట్రక్చరింగ్ అంటారు. ‘రీస్ట్రక్చర్డ్’ అని ట్యాగ్ పడుతుంది. సెటిల్డ్ కన్నా ఇది నయం, పైగా ఇప్పటినుంచి కట్టిన ప్రతి ఈఎంఐ మంచి చరిత్రగా చేరుతుంది. నా సలహా ఇది ఒప్పుకోమనే. ఒప్పుకునే ముందు రెండేళ్లలో అదనంగా పడే వడ్డీ ఎంతో షెడ్యూలు అడిగి చూసుకోండి.

ఐపీ మాట వదిలేయండి. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ఇంకా అమల్లోనే ఉంది. కానీ దివాలా తీర్పు వస్తే మీ ఆస్తి కోర్టు అధీనంలోకి, రిసీవరు చేతికి వెళ్తుంది. మీ ఖాతాల్లో పడిన డిఫాల్టు అలాగే ఉంటుంది. ఇల్లు కొనాలనుకునేవాడు నడిచే దారి కాదది.

ఇక బావగారి సంగతి. ష్యూరిటీ బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. మీ లోను ఆయన రిపోర్టులో కూడా ‘గ్యారంటర్’ అన్న హోదాలో కనిపిస్తుంది, మీరు ఎగ్గొట్టిన నెల ఆయన గడిలోనూ పడొచ్చు. గడువు పెంచే కాగితాల మీద ఆయన సంతకం కూడా అడుగుతారు. ఆయన ఏదైనా లోనుకు దరఖాస్తు పెట్టుకుని ఉన్నారేమో కనుక్కుని, ఆ పని అయ్యాకే ఈ సంతకం పెట్టించండి.