సౌష్ఠవం చెదిరిందా, చెదరగొట్టారా?

సందేహం: ద్విమితీయ పొరల పదార్థాల మీద వ్యాసం రాస్తున్నాను. ‘సిమెట్రీ బ్రేకింగ్‌తో టోపలాజికల్ లక్షణాలను ట్యూన్ చేయడం’ అన్నదాన్ని ‘సౌష్టవాన్ని విరగ్గొట్టి టోపలాజికల్ లక్షణాలను శృతి చేయడం’ అని రాశాను. సరేనా?

సమాధానం: ముందు రెండు వర్ణదోషాలు. ‘సుష్ఠు’ నుంచి వచ్చింది సౌష్ఠవం. ష కింద ఠ వత్తే ఉండాలి. ‘వినడం’ అనే అర్థమున్న ‘శ్రు’ ధాతువు నుంచి వచ్చింది శ్రుతి, ‘శృతి’ కాదు. మాటగా మాత్రం ‘శ్రుతి చేయడం’ నాకు చాలా నచ్చింది. తీగ బిగువు కాస్త మారిస్తే స్వరం మారినట్టే, ఇక్కడ విద్యుత్ క్షేత్రాన్నో పొరల మధ్య కోణాన్నో కాస్త మార్చి పదార్థాన్ని కావలసిన స్థితికి తెస్తారు.

‘విరగ్గొట్టడం’ మాత్రం వద్దు. మనసు విరిగింది అంటాం, నిజమే. కానీ అందులో ఇక అతకదన్న ధ్వని ఉంది. విద్యుత్ క్షేత్రం తీసేస్తే సౌష్ఠవం తిరిగి వచ్చేస్తుంది కదా! నిద్రాభంగం, తపోభంగం లాగా ‘సౌష్ఠవ భంగం’ అనడం మేలు. దానితోనూ ఒక ఇబ్బంది ఉంది. భంగం దానంతట అదే కలిగిందా, ఎవరైనా కలిగించారా అన్నది తెలియదు. ఈ శాస్త్రంలో ఆ తేడాయే ప్రాణం. దానికి తెలుగులో క్రియల జంట సిద్ధంగా ఉంది: చెదరడం, చెదరగొట్టడం.

రెండు పొరల గ్రాఫీన్ (కార్బన్ పరమాణువులు పలుచని పొరగా అల్లుకున్న పదార్థం) తీసుకోండి. రెండూ ఒకేలాంటి పొరలు, ఆ తేడా లేకపోవడమే ఇక్కడి సౌష్ఠవం. వాటికి లంబంగా విద్యుత్ క్షేత్రం పెడితే పై పొరకూ కింది పొరకూ శక్తిలో తేడా వస్తుంది, ఎలక్ట్రాన్లు ఉండగలిగే శక్తి పట్టీల మధ్య ఖాళీ తెరుచుకుంటుంది. ఇక్కడ సౌష్ఠవాన్ని మనం చెదరగొట్టాం. క్రోమియం ట్రైఅయొడైడ్ ఒంటి పొరను సుమారు 45 కెల్విన్ల కంటే చల్లబరిస్తే, బయటి అయస్కాంతం లేకుండానే స్పిన్‌లు, అంటే ఎలక్ట్రాన్ల చిట్టి అయస్కాంతాలు, ఒకే దిక్కుకు తిరుగుతాయి. 2017లో బయటపడిన విషయమిది. అక్కడ కాలవిలోమ సౌష్ఠవం, అంటే కాలాన్ని వెనక్కి తిప్పినా తేడా రాకపోవడం, తనంతట తానే చెదిరింది.

ఏ సౌష్ఠవమో కూడా తప్పకుండా రాయండి. తేనెపట్టు గళ్ల లాంటి అల్లికలో రెండు రకాల పరమాణు స్థానాల మధ్య సమానత్వం చెదిరితే కరెంటు పారనివ్వని మామూలు విద్యుద్బంధకం వస్తుంది. కాలవిలోమ సౌష్ఠవం చెదిరితే, లోపల బంధకంగానే ఉంటూ అంచుల వెంట కరెంటు పారే స్థితి రావచ్చని 1988లో భౌతిక శాస్త్రవేత్త డంకన్ హాల్డేన్ సిద్ధాంతపరంగా చూపించారు. 2016 భౌతిక శాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు.

‘టోపలాజికల్’ను అలాగే ఉంచండి, సాగదీసినా వంచినా మారని గుణాలకు సంబంధించినదని ఒకసారి చెబితే చాలు. మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘పొరల పదార్థాల్లో సౌష్ఠవాన్ని చెదరగొట్టి టోపలాజికల్ లక్షణాలను శ్రుతి చేయడం’.