రెండు మేకల దగ్గరే ఆగిపోకు

ప్రియమైన సుమన్‌కు,

పెదనాన్న దీవెనలు. శ్రమల దినాల్లో యౌవనస్థుల కూడికలో యూదుల ప్రాయశ్చిత్తం గురించీ మన క్షమాపణ గురించీ నలభై నిమిషాలు చెప్పమన్నారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందనీ రాశావు. ఈ విషయం మీద నేను చాలాసార్లు మాట్లాడాను, తప్పులూ చెప్పాను. అవి నువ్వు మళ్లీ చెప్పకూడదనే ఈ ఉత్తరం.

ముందు బల్ల మీద రెండు బైబిళ్లు తెరిచి పెట్టుకో. ఒకదాంట్లో లేవీయకాండం 16, ఇంకోదాంట్లో హెబ్రీ పత్రిక 9. వ్యాఖ్యానాల జోలికి పోకుండా రెండూ మూడుసార్లు చదువు. ఏడో నెల పదో రోజున ప్రధాన యాజకుడు నారబట్టలు వేసుకుని, తన కోసం కోడె రక్తం, ప్రజల కోసం మేక రక్తం అతిపరిశుద్ధ స్థలంలోకి తీసుకెళ్తాడు. రెండో మేక తల మీద రెండు చేతులూ ఉంచి జనం పాపాలన్నీ ఒప్పుకుంటాడు, దాన్ని అరణ్యంలోకి పంపేస్తారు. మరి ఆ రక్తం చిలకరించేది ఎక్కడ? నిబంధన మందసం మీది మూత మీద. హెబ్రీలో దాని పేరు కప్పోరెత్. ఆ రోజు పేరైన యోమ్ కిప్పూర్‌లో (అంటే ప్రాయశ్చిత్త దినం) ఉన్నదీ అదే ధాతువు. మన బైబిల్లో అది కరుణాపీఠం. ఇప్పుడు రోమా 3:25 తియ్యి. క్రీస్తును దేవుడు "కరుణాధారముగా" బయలుపరిచాడని ఉంటుంది. పాత నిబంధన గ్రీకు అనువాదంలో కప్పోరెత్‌కి ఏ మాట వాడారో పౌలు అక్కడ ఆ మాటే వాడాడు. తెలుగులో పీఠం కాస్తా ఆధారం అయ్యేసరికి ఆ ముడి మన కంటికి ఆనదు. అది విప్పి చూపిస్తే పావుగంట చక్కగా గడుస్తుంది.

ప్రధాన యాజకుడి కాలికి తాడు కట్టేవారనీ, లోపల చనిపోతే బయటికి లాగేవారనీ మాత్రం చెప్పకు. నేను ఏళ్ల తరబడి చెప్పాను, జనం ఊపిరి బిగబట్టి వినేవారు. అది బైబిల్లో లేదు. ఆ రోజు ఆచారాన్ని పూసగుచ్చినట్టు చెప్పే, పాతకాలపు యూదు గురువుల బోధల సంకలనమైన మిష్నాలోని యోమా భాగంలోనూ లేదు. మధ్యయుగాల రాతల్లో కనబడే కథ.

"వాళ్లది ధర్మశాస్త్రం, మనది కృప" అని గీత గీసెయ్యకు. మేకే కాదు, రెండు పావురాలైనా కొనలేని బీదవాడు పాపపరిహారానికి కాస్త గోధుమపిండి తెచ్చినా చాలని లేవీయకాండం 5లోనే ఉంది. అది కృప కాదా? క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని కూల్చారు. ఇక పాపాలకు ప్రాయశ్చిత్తం ఎలాగని ఒక శిష్యుడు విలపిస్తే, యూదు గురువు యోహానాన్ బెన్ జక్కయి హోషేయ 6:6 గుర్తుచేసి ఓదార్చాడని యూదులు చెప్పుకుంటారు: బలి కాదు, కనికరమే కోరుతున్నాను. మత్తయి 9లో సుంకరుల ఇంట భోజనానికి కూర్చున్న యేసు నోట వచ్చిందీ అదే వాక్యం.

ఇక అసలు సంగతికి వస్తాను. యోమాలో ఒక మాట ఉంది. మనిషికీ దేవుడికీ మధ్య జరిగిన పాపాలకు యోమ్ కిప్పూర్ ప్రాయశ్చిత్తం చేస్తుంది, మనిషికీ మనిషికీ మధ్య జరిగినవాటికి మాత్రం ఎదుటివాణ్ణి సమాధానపరిచేదాకా చెయ్యదు. పక్కనే మత్తయి 5:23, 24 పెట్టి చదువు. యేసు అక్కడ అర్పణ బలిపీఠం ముందే వదిలేసి వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్నాడు. 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడీస్ ఇంకా వివరంగా రాశాడు: ఎదుటివాడు ఒప్పుకోకపోతే ముగ్గురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వెళ్లి అడగాలి, అలా మూడుసార్లు.

గట్టు తగాదాతో మీ నాన్నకీ నాకూ మూడేళ్లు మాటల్లేని రోజుల్లోనే నేను మొదటిసారి ఆ యోమా వాక్యం చదివాను. ఆ మూడేళ్లూ ప్రతి నెలా ప్రభు సంస్కారం తీసుకున్నాను, అదే మత్తయి వాక్యం మీద ప్రసంగమూ చేశాను. యోమా చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి వెళ్లేసరికి మీ నాన్న వాకిట్లో మంచానికి నవారు అల్లుతున్నాడు. "తప్పు నాది రా" అన్నాను. తలెత్తలేదు. కాసేపటికి నవారు కొస నా చేతికిచ్చి, "గట్టిగా లాగి పట్టుకో" అన్నాడు. మంచం పూర్తయ్యేదాకా ఇద్దరం ఇంకేం మాట్లాడుకోలేదు.

పోలికలు వెతికే ఉత్సాహంలో తేడాలు దాచకు. మన విశ్వాసం ఒక్కసారే జరిగిన బలి మీద నిలబడింది. యూదులు ఏటా ఉపవాసంతో ఆ రోజుకి వస్తారు, మధ్యాహ్నం యోనా గ్రంథం చదువుతారు, మెస్సీయ రాలేదంటారు. వాళ్ల పండుగను మన పండుగకు ముసాయిదాలా చెప్తే అది వాళ్ల మీద అబద్ధం చెప్పడమే.

వీలైతే కొత్తరెడ్డిపాలెం వెళ్లు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరే. యూదాచారం పాటించే మన తెలుగువాళ్లు, బెనె ఎఫ్రాయిము వారు, అక్కడ ఉన్నారు. ప్రకటించడానికి కాదు, వినడానికి వెళ్లు. దసరాకి అటూ ఇటూగా వాళ్ల ఉపవాస దినం వస్తుంది, ఆ రోజు మాత్రం ఇబ్బంది పెట్టకు.

రాసుకున్న కాగితాలు వారం ముందే పంపు, చూసి పెడతాను. ఈ ఉత్తరం మీ నాన్నకి చదివి వినిపించాకే పోస్టు చేస్తున్నాను. నవారు సంగతి కూడికలో చెప్పుకోవచ్చన్నాడు.

మీ పెదనాన్న