చిన్న ఊరి జనం రేసు గుర్రాన్ని పెంచిన సినిమా: అందులో ఎంత నిజం, పిల్లలతో చూడొచ్చా?

ఒక చిన్న ఊరివాళ్ళు తలా కాస్త డబ్బు వేసుకుని రేసు గుర్రాన్ని పెంచే సినిమా ఉందట, అది నిజంగా జరిగిందా, లేక మనల్ని ఏడిపించడానికి అల్లిన కథా, ఇంటిల్లిపాదీ చూడొచ్చా అని అడిగారు. మీరు విన్నది 'డ్రీమ్ హార్స్' గురించే అయ్యుండాలి. జరిగిన కథే. చూడొచ్చు. ఇంత పొడుగ్గా జవాబు రాయడానికి కారణం వేరే ఉంది. నేను బ్రిటన్‌లో, వేల్స్ దక్షిణ భాగమైన సౌత్ వేల్స్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. మా వార్డు వాళ్ళు, పోర్టర్లు, ల్యాబ్ వాళ్ళు కలిసి ఒక రేసు గుర్రంలో చిన్న వాటా కొన్నప్పుడు నన్నూ లాగారు. ఆ గుర్రం ఒక్క రేసూ గెలవలేదు. అయినా ఆ అనుభవం వల్ల ఈ సినిమాలో ఏది సరిగ్గా పట్టుకున్నారో, ఏది సర్దేశారో నాకు బాగానే తెలిసింది.

ముందు అసలు కథ. వేల్స్‌లో బ్లాక్‌వుడ్ పక్కన కెవ్న్ ఫారెస్ట్ అనే ఊరు ఉంది. ఆ చుట్టుపక్కలంతా ఒకప్పుడు బొగ్గు గనులే. దగ్గర్లోని ఓక్‌డేల్ గని 1989లో మూతపడింది. ఆ ఊళ్ళో జాన్ వోక్స్ అనే ఆవిడ పొద్దున సూపర్‌మార్కెట్‌లో క్లీనింగ్, సాయంత్రం కార్మికుల క్లబ్బులో బార్ పని చేసేది. అంతకుముందు ఆవిడకి పోటీలకు వెళ్ళే కుక్కల్నీ పావురాల్నీ పెంచిన అలవాటు ఉంది. క్లబ్బులో హోవర్డ్ డేవిస్ అనే టాక్స్ సలహాదారు తన పాత రేసు గుర్రం సంగతి చెబుతుంటే ఆవిడ చెవిన పడింది. ఆయన అప్పటికే గుర్రాల మీద డబ్బు పోగొట్టుకుని, ఇక జన్మలో వాటి జోలికి పోనని భార్యకు మాటిచ్చిన మనిషి. ఈవిడేమో మనమే ఒక గుర్రాన్ని పుట్టించి పెంచుదాం అంటుంది!

రూబెల్ అనే ఆడగుర్రాన్ని 350 పౌండ్లకు కొన్నారు. రేసుల్లో దానికి మంచి పేరేమీ లేదు, అందుకే ఆ ధర. బియెన్ బియెన్ అనే అమెరికన్ మగగుర్రంతో దాటించడానికి మాత్రం 3,000 పౌండ్లు పెట్టారు. తల్లి ఖరీదుకి అది ఎనిమిదిన్నర రెట్లు. 2001 మార్చిలో పిల్ల పుట్టింది. దానికి డ్రీమ్ అలయన్స్ అని పేరు పెట్టారు. గని చెత్త పోసిన దిబ్బ మీద, జనం కూరగాయలు పండించుకునే జాగాలో అది పెరిగింది. ఖర్చుల కోసం ఊళ్ళో 23 మంది వారానికి తలా 10 పౌండ్లు కట్టడానికి ఒప్పుకున్నారు. దాన్నే సిండికేట్ అంటారు.

ఈ పది పౌండ్ల దగ్గరే సినిమా నన్ను కట్టిపడేసింది. లెక్క వేయండి: 23 మంది, వారానికి 230, ఏడాదికి పన్నెండు వేలకు కాస్త తక్కువ. మంచి ట్రైనర్ దగ్గర గుర్రాన్ని ఉంచితే దాణా, గుర్రపు మనిషి జీతం, లాడాలు కొట్టేవాడు, డాక్టరు, ప్రయాణాలు, ఎంట్రీ ఫీజులు, జాకీ ఫీజు అన్నీ విడివిడిగా బిల్లులో వచ్చిపడతాయి. మా గుర్రానికి బిల్లు వచ్చిన రోజు మా కాఫీ గదిలో మౌనం ఉండేది. గుర్రం పరుగెత్తకపోయినా తింటుంది. దెబ్బ తగిలి లాయంలో పడుకున్నా తింటుంది. చీటీ కట్టినట్టు నెలనెలా కడుతూనే ఉండాలి, కానీ పాట పాడి ఎత్తుకునే రోజు మాత్రం రాదు.

అందుకే ఈ సినిమాలో నాకు రేసుల కంటే క్లబ్బులో మీటింగులే ఎక్కువ టెన్షన్ పెట్టాయి. పాత కుర్చీలు వేసుకుని, బీరు గ్లాసులు ముందు పెట్టుకుని గుర్రాన్ని ఏం చేయాలో మాట్లాడుకుంటారు. ఎవడి దగ్గరా డబ్బు లేదు, ప్రతివాడికీ ఒక అభిప్రాయం ఉంది. మా దాంట్లోనూ అంతే. గుర్రం ముందుకాలు ఎలా ఎత్తుతుందో ఎప్పుడూ చూడని మా రిసెప్షనిస్టు, ఇంత దూరం రేసుకి పంపడం తప్పని అరగంట వాదించింది. చివరికి ట్రైనర్ ఎవరి మాటా వినడు, తనకు తోచింది చేస్తాడు. అయినా ఆ వాదన జరగాలి. మనం కట్టిన డబ్బులో సగం ఆ వాదించే హక్కు కోసమే అనిపించేది నాకు.

డ్రీమ్ అలయన్స్‌ని మూడో ఏట సోమర్సెట్‌లో మైన్‌హెడ్ దగ్గర ఫిలిప్ హాబ్స్ అనే పేరున్న ట్రైనర్ దగ్గరికి పంపారు. 2004 నవంబర్‌లో న్యూబరీ రేస్‌కోర్సులో మొదటి రేసు, నాలుగో స్థానం. పెద్దింటి గుర్రాల మధ్య ఈ దిబ్బ మీది గుర్రం నాలుగోది రావడమే వాళ్ళకి పండగ. 2007లో అదే న్యూబరీలో హెన్నెసీ గోల్డ్ కప్ అనే పెద్ద రేసులో రెండోది వచ్చింది. మొదట వచ్చింది డెన్‌మన్. ఆ తరవాతి మార్చిలో, ఇలాంటి రేసుల్లో అన్నిటికంటే గొప్పదిగా చెప్పుకునే చెల్టన్‌హామ్ గోల్డ్ కప్ కొట్టిన గుర్రం అది, అలాంటి దాని వెనక రెండోది రావడాన్ని ఓటమి అనరు ఎవరూ.

ఇవి మనం టీవీలో చూసే నున్నటి మైదానం మీది రేసులు కావు. అడ్డంగా కట్టిన కంచెల్ని దూకుతూ మైళ్ళకు మైళ్ళు పరుగెత్తాలి. కంచె కనీసం నాలుగున్నర అడుగుల ఎత్తు ఉంటుంది. రేసుకు ముందు ఓనర్లని గుర్రాలు తిరిగే రింగులోకి రానిస్తారు. జాకీ వచ్చి టోపీ తాకి పలకరిస్తాడు. వారానికి పది పౌండ్లు కట్టినా, కోటీశ్వరుడైనా ఆ గడ్డి మీద నిలబడే హక్కు ఒకటే. ఊరి జనం ఆ రింగులో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడే సీన్ చూసి నేను పగలబడి నవ్వాను. మేమూ అచ్చం అలాగే నిలబడ్డాం. మా పోర్టర్ పెద్దాయన పెళ్ళి సూటు వేసుకొచ్చాడు, అది ఆయన పెళ్ళిదే.

ఇక అసలు దెబ్బ. 2008లో లివర్‌పూల్ దగ్గరి ఏంట్రీ రేస్‌కోర్సులో రేసు మధ్యలో డ్రీమ్ అలయన్స్ ముందుకాలి టెండన్, అంటే కండని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది, తెగింది. నర్సుగా ఇక్కడ కాస్త ఆగుతాను. టెండన్‌కి రక్తప్రసరణ చాలా తక్కువ, అందుకే మెల్లగా మానుతుంది. మానినా మచ్చకట్టిన కండలా బిగుసుకుపోయి, ముందున్న సాగే గుణం రాదు. అరటన్ను బరువు కంచె దూకి ఒకటి రెండు కాళ్ళ మీద దిగే జంతువుకి అది ఎంత కష్టమో ఊహించండి. చాలా గుర్రాల కథ అక్కడితో ముగిసిపోతుంది. వీళ్ళేమో గుర్రం గెలిచిన డబ్బుల్లోంచే దాదాపు 20,000 పౌండ్లు పెట్టి స్టెమ్ సెల్ వైద్యం చేయించారు. దాని ఎముక మజ్జలోంచి కణాలు తీసి, ల్యాబ్‌లో పెంచి, తెగిన చోట ఎక్కించారు. తరవాత నెలల తరబడి విశ్రాంతి, ఆపైన మెల్లగా నడక, ఆపైన పరుగు. సినిమా ఈ భాగాన్ని త్వరగా దాటేస్తుంది. నాకైతే ఇక్కడ ఇంకో పది నిమిషాలు ఉండాల్సింది. కాలు బాగయ్యే నెలల్లో బిల్లు కడుతూ ఎదురుచూడటం ఏంటో మా గ్రూపుకి తెలుసు. అప్పుడే మనుషులు ఒకరొకరుగా జారుకుంటారు.

2009 డిసెంబర్ 28న చెప్‌స్టోలో వెల్ష్ గ్రాండ్ నేషనల్, వేల్స్‌లో కంచెలు దూకే రేసుల్లో అన్నిటికంటే పెద్దది. దాదాపు ఆరు కిలోమీటర్లు, ఇరవైకి పైగా కంచెలు. చెప్‌స్టో ట్రాక్ ఎత్తుపల్లాలుగా ఉంటుంది, చలికాలం వానకి బురద గుర్రం గిట్టల్ని పట్టుకుని వదలదు. నేను ఒక డిసెంబర్‌లో అక్కడ రెయిలింగ్ దగ్గర నిలబడి చూశాను. ఆఖరి మలుపు తిరిగేసరికి అన్ని గుర్రాలూ ఒకే రంగులో ఉంటాయి, జాకీ ఎవరో టోపీని బట్టి కూడా చెప్పలేం. అలాంటి చోట ఆ వైద్యంతో మానిన కాలుతో, 20కి 1 ధర మీద (పౌండు కాస్తే ఇరవై వచ్చే పందెం, అంటే గెలుస్తుందని పెద్దగా ఎవరూ అనుకోలేదు), టామ్ ఓబ్రయన్ స్వారీలో డ్రీమ్ అలయన్స్ గెలిచింది. ఇది చెప్పేసినందుకు సినిమా పాడవదు. గెలుస్తుందని పోస్టర్ చూస్తేనే తెలుస్తుంది.

ఇక సినిమా సంగతి. 2020లో అమెరికాలో జరిగే సన్‌డాన్స్ సినిమా ఉత్సవంలో మొదట చూపించారు, కోవిడ్ వల్ల థియేటర్లకు 2021లో వచ్చింది. దర్శకుడు యూరోస్ లిన్ కూడా వేల్స్ మనిషే. జాన్ పాత్రలో టోనీ కొలెట్, హోవర్డ్‌గా డామియన్ లూయిస్, జాన్ భర్త బ్రయన్‌గా ఓవెన్ టీల్ చేశారు. కొలెట్ ఆస్ట్రేలియా నటి. మా వార్డులో పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఆవిడ యాసని మెచ్చుకున్నారు, వాళ్ళు అంత తేలిగ్గా మెచ్చుకునే రకం కాదు. మీరు మాత్రం సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది నాకే సగం మాటలు అర్థమయ్యేవి కావు.

నచ్చనిది కూడా చెప్పాలి. డబ్బున్న ఓనర్లని కాస్త బొమ్మల్లా చూపించారు, వెక్కిరించడానికే ఉన్నట్టు. నాకు ఎదురైనవాళ్ళలో కొందరు అలాంటివాళ్ళే, కానీ మా గుర్రం ఆఖరున వచ్చినప్పుడు కాళ్ళు ఎలా ఉన్నాయో చూసుకోమని ముందుగా వచ్చి చెప్పింది కూడా అలాంటి ఒక ముసలాయనే. హోవర్డ్ ఇంట్లో గొడవ కూడా కొంచెం ఫార్ములా ప్రకారం నడుస్తుంది. సిండికేట్ సభ్యుల్లో నలుగురైదుగురు తప్ప మిగతావాళ్ళు గుంపుగానే మిగిలిపోతారు, అది నిజంగా లోటు.

గెలుపు తరవాతి సంగతులు తెలుసుకోదగినవి. 2010లో బ్రిటన్‌లో అందరికీ తెలిసిన పెద్ద రేసు, ఏంట్రీ గ్రాండ్ నేషనల్‌లో పరుగెత్తి మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. తరవాత ఊపిరితిత్తుల సమస్య బయటపడింది, 2012లో రిటైర్ చేశారు. మొత్తం మీద గెలిచింది 1,38,000 పౌండ్లకు పైనే. ఖర్చులన్నీ పోగా సభ్యులకు తలా మిగిలింది 1,430 పౌండ్లు. ఈ అంకె చూపించే మా గ్రూపులో కొత్తగా చేరేవాళ్ళని హెచ్చరించేవాళ్ళం: చరిత్ర సృష్టించిన గుర్రానికే ఇంత, మనది ఇంకా కంచె సరిగ్గా దూకట్లేదు అని.

రేసులంటే కొంపలు ముంచే జూదమని మన ఇళ్ళలో ఒక భయం ఉంటుంది కాబట్టి, పిల్లలకి చూపించాలా అని మీరు వెనకాడుతున్నారేమో. ఇందులో పందాల యావ దాదాపు లేదు. గుర్రానికి దెబ్బ తగిలే చోట మాత్రం చిన్నపిల్లలు ఏడవొచ్చు, ముందే చెప్పి కూర్చోబెట్టండి. ఆఖర్లో పేర్లు పడేటప్పుడు లేచి వెళ్ళిపోకండి, నటులతో పాటు అసలు మనుషులు కూడా పాడుతూ కనిపిస్తారు.

ఇది నచ్చితే తరవాత 'డార్క్ హార్స్' చూడండి. లూయీస్ ఆస్మండ్ తీసిన డాక్యుమెంటరీ, 2015లో సన్‌డాన్స్‌లో ప్రేక్షకుల అవార్డు కొట్టింది. జాన్, బ్రయన్, హోవర్డ్ తామే కెమెరా ముందు కూర్చుని చెబుతారు. నన్నడిగితే అది సినిమా కంటే ఒక మెట్టు పైనే. బ్రయన్ మాట్లాడే తీరు ఏ నటుడికీ రాదు. కానీ ముందు సినిమా, తరవాత డాక్యుమెంటరీ చూడండి, తిరగేస్తే సినిమా చప్పగా అనిపిస్తుంది.

చూశాక మీరూ బ్రిటన్‌లో ఉండి ఇలాంటి వాటా ఒకటి కొందామనుకుంటే, ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: గుర్రానికి జబ్బు చేస్తే డాక్టర్ ఖర్చు కట్టిన వాటాలోనే వస్తుందా, అదనంగా వసూలు చేస్తారా? మా కాగితంలో ఆ వాక్యం రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండేది.