బ్లడ్ క్యాన్సర్ నెలకే తగ్గిందన్నారు, మరి మందులు రెండేళ్లెందుకు?

నెల్లూరు నుంచి వచ్చి చెన్నై అడయార్‌లో గది తీసుకుని ఆరేళ్ల బాబుకి ఏఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌కి చికిత్స చేయిస్తున్నామని, నెలకే బోన్ మ్యారో (ఎముక మజ్జ) రిపోర్టు బాగుందన్నారని, ఇక ఆపేయొచ్చా అని అడిగారు. దయచేసి ఆపకండి.

జబ్బు బయటపడేనాటికి ఒంట్లో సుమారు లక్ష కోట్ల క్యాన్సర్ కణాలుంటాయి. మైక్రోస్కోపుకి మజ్జ శుభ్రంగా కనిపించినా ఇంకా కోట్లలో మిగిలి ఉండొచ్చు. మిగిలిన క్యాన్సర్ కణాల్ని వెతికే ఎంఆర్‌డీ పరీక్ష పదివేల కణాల్లో ఒక్కటున్నా పట్టుకుంటుంది. అంతకన్నా తక్కువుంటే దానికీ అందకపోవచ్చు. మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి చాలా మందులు సరిగా చేరవు, నడుము దగ్గర వెన్నులోకి సూదితో మందు ఇచ్చేది అందుకే.

మిగిలిన ఆ కణాలు మళ్లీ పెరగకుండా తర్వాత ఇచ్చే చికిత్స, అంటే మెయింటెనెన్స్, చాలావరకు ఇంట్లో మాత్రలే. మెర్కాప్టోప్యూరిన్ రోజూ, మెథోట్రెక్సేట్ మాత్రం వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. క్యాలెండర్‌లో ఆ రోజుకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. చక్కగా ఆడుకుంటున్న పిల్లాడికి ఇంకా మందులెందుకని మనసు పీకుతుంది, నిజమే. అయినా మానొద్దు.

జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రైనా ఆస్పత్రికే. పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడకండి. ఊరెళ్లేది ఎప్పుడో డాక్టరుగారినే అడగండి. నెల్లూరు దగ్గరే కాబట్టి చెకప్‌లకి వచ్చి వెళ్లొచ్చు.